బీరువా తాళం

పిల్లలూ! బడి పంతులు మళ్ళీ బళ్ళో చేరటం మీరెప్పుడయినా చూశారా? నేను చేరాను. అదీ అరవై ఏళ్ళు నిండిన తరవాత! ఆ సంగతి మీతో చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. అందులో మీరు నవ్వుకోదగినది కొంత ఉన్నది, నేను సిగ్గుపడవలసినది కొంత ఉన్నది. రెండూ దాచకుండా చెబుతాను.

మాది కళింగపట్నం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది సముద్రంలో కలిసేచోట ఉన్నది మా ఊరు. ఒకప్పుడు ఇది పేరుపడ్డ ఓడరేవు. ఇప్పుడు ఓడలు రావు. సరుగుడు తోటలూ, ఇసకలో ఆరవేసిన వలలూ, చేపల పడవలూ, దీపస్తంభమూ ఉన్నాయి. దగ్గరలోనే శాలిహుండం కొండ ఉన్నది. దానిమీద సుమారు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ స్తూపాల శిథిలాలు ఈనాటికీ చూడవచ్చు.

నేను 2019 జూన్ నెలాఖరున ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగ విరమణ చేశాను. పూలదండ వేశారు, శాలువా కప్పారు, నాలుగు మంచి మాటలు చెప్పారు. మర్నాడు తొమ్మిది గంటలయేసరికి నా కాళ్ళు వాటంతట అవే చెప్పులు వెతుక్కున్నాయి. మా ఇంటావిడ చూసి, "బడిగంట కొట్టేవాళ్ళు కొడతారు గాని, మీరు కూచుని కాఫీ తాగండి," అన్నది.

కాఫీ తాగుతూండగా నాకొక ఆలోచన వచ్చింది. మా ఇంటి ముందు వసారా ఖాళీగా ఉన్నది. నా దగ్గర రెండు వందల పైచిలుకు పుస్తకాలున్నాయి. ఊళ్ళో పిల్లలకోసం ఒక చిన్న గ్రంథాలయం పెడితే ఏం? అందులో కష్టమేమున్నది? పుస్తకాలు బీరువాలో సర్దటం, రిజిస్టరులో రాసుకోవటం, తాళం వేసుకోవటం. అంతేగా! బళ్ళో గ్రంథాలయం బీరువా తాళంచెవి ఎన్నో ఏళ్ళు నా జేబులోనే ఉన్నది కూడానూ.

కాని పంతులుగా నాకొక అలవాటున్నది. ఏ పనయినా చెయ్యబోయే ముందు, తెలిసినవాళ్ళ దగ్గర చూసి నేర్చుకోవాలంటాను. ఆ మాట పిల్లలకు చెప్పి నేను తప్పితే ఏం బాగుంటుంది? అందుచేత బస్సెక్కి గంటసేపు ప్రయాణంచేసి, ఒక పట్టణంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను.

అక్కడి గ్రంథపాలకుడికి ముప్పయి అయిదేళ్ళు ఉంటాయేమో. నేను వచ్చిన పని చెప్పి, "బాబూ, జీతం అక్కర్లేదు. రెండు నెలలు మీ దగ్గర పని నేర్చుకుంటాను," అన్నాను.

"మాస్టారూ, మీకు నేను నేర్పటమా!" అని అతను నవ్వాడు. కాని నేను వదలలేదు. అతను పైవాళ్ళను అడిగి అనుమతి సంపాదించాడు.

ఈ రోజుల్లో కాలేజీ విద్యార్థులు ఇలా పని నేర్చుకునేవాళ్ళను 'ఇంటర్న్' అంటున్నారు. పూర్వం కచేరీలలో జీతం లేకుండా పని నేర్చుకునేవాణ్ణి 'ఉమేదువారు' అనేవారు. అరవై ఏళ్ళకు నేను ఉమేదువారునయాను!

మొదటి రోజు నాకు ఏ పని ఇచ్చారో తెలుసునా? దుమ్ము తుడిచే పని! అటెండరు నా చేతికి గుడ్డ ఇచ్చింది. నేను అలమరను పైనుంచి కిందికి విదిలిస్తూ తుడవటం మొదలుపెట్టాను.

"అలగ కాదు మాస్టారూ!" అన్నదామె. "పుస్తకం తీసి, గట్టిగా మూసి పట్టుకుని తుడవాల. నేకపోతే దుమ్మంతా కాయితాల్లోకి దూరీదూ?"

నిజమే. పుస్తకం మీద దుమ్ము పడితే, దానికి తేమ తోడయి బూజు పడుతుంది. బూజునూ, అట్టలలోని గంజినీ తినటానికి వెండిపురుగులు వస్తాయి. ఒక్క గుడ్డముక్క ఇంత శత్రుసైన్యాన్ని ఆపుతుందన్నమాట! నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడికి మొదటి పాఠం అటెండరు చెప్పింది.

తలుపులు తీసేసరికే వాకిట్లో పదిమంది ఉండేవారు. పత్రికలకోసం వచ్చే ముసలివాళ్ళు, కిరాయి దొరికేలోగా నాలుగు వార్తలు చూసుకుపోయే ఆటో డ్రైవరు, ఉద్యోగపు పరీక్షలకు చదువుకునే యువకులూ, యువతులూ. ఇంట్లో కూచుని చదువుకోటానికి చోటు లేనివాళ్ళు వీరిలో చాలామంది. వాళ్ళకు గ్రంథాలయమంటే పుస్తకాలు మాత్రమే కాదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫాను, ఎవరూ పనులు చెప్పని మూడు గంటల కాలం!

మధ్యాహ్నం తలుపులు మూసి ఉన్న వేళ నాకు అసలు పాఠాలు జరిగేవి. కొత్త పుస్తకం గ్రంథాలయానికి వస్తే ఏం చేస్తారో చెబుతాను వినండి.

మొట్టమొదట దాన్ని యాక్సెషన్ రిజిస్టరు అనే పెద్ద పుస్తకంలో రాస్తారు. రచయిత, పుస్తకం పేరు, ప్రచురించినవారు, వెల, వచ్చిన తేదీ అన్నీ రాసి ఒక వరస అంకె ఇస్తారు. ఈ అంకె పుస్తకానికి జన్మనక్షత్రం వంటిది. ఆ పుస్తకం చిరిగిపోయినా, పోయినా, ఆ అంకెను ఇంకో పుస్తకానికి ఇవ్వరు. తరవాత గ్రంథాలయం ముద్ర వేస్తారు. పేరున్న పేజీ వెనక వేస్తారు. లోపల ఎక్కడో ఒక రహస్యపు పేజీలో కూడా వేస్తారు. దొంగ మొదటి పేజీ చించేసినా, రహస్యపు పేజీ పుస్తకాన్ని పట్టిస్తుంది. అది ఎన్నో పేజీయో మీకు చెప్పను. చెబితే రహస్యం ఏమవుతుంది?

ఆ తరవాతది వర్గీకరణ. ఇది నాకు ఎంతో ముచ్చట వేసింది. మెల్విల్ డ్యూయీ అనే అమెరికా గ్రంథపాలకుడు 1876 లో ఒక పద్ధతి ప్రకటించాడు. లోకంలో ఉన్న విజ్ఞానాన్నంతా పది భాగాలు చేశాడు. 500 మొదలు శాస్త్రాలు, 600 మొదలు వైద్యం, వ్యవసాయం, యంత్రాలవంటి పనికివచ్చే విద్యలు, 800 మొదలు సాహిత్యం, 900 మొదలు చరిత్ర, భూగోళం, ఇలాగ. ప్రతి భాగాన్నీ మళ్ళీ పది, దాన్ని మళ్ళీ పది చేసుకుంటూ పోవచ్చు. మీ ఇంటికి ఉత్తరం ఎలా వస్తుంది? జిల్లా, మండలం, ఊరు, వీధి, ఇంటి నంబరు. పుస్తకం అంకె కూడా అలాంటి చిరునామాయే.

మన తెలుగు సాహిత్యం చిరునామా ఏమిటో తెలుసునా? 894.827! ఇందులో 8 అంటే సాహిత్యం. 894.8 వరకూ వస్తే ద్రావిడ భాషల సాహిత్యం. 894.827 తెలుగు. అమెరికాలో కూచుని చేసిన పద్ధతి కావటంచేత, ఇంగ్లీషుకూ, యూరపు భాషలకూ ముందుగదులన్నీ ఇచ్చి, ఆసియా భాషలనెన్నిటినో వెనక కొట్లో సర్దినట్టు కనిపిస్తుంది. కోట్లమంది మాట్లాడే తెలుగుకు అంత పొడుగు అంకె పడింది. అయినా చిరునామా ఉన్నది. వెతికితే దొరుకుతుంది.

ఇక్కడ మీకొక చిక్కులెక్క. 894.827, 894.9: ఈ రెండింటిలో అలమరలో ముందు ఏది ఉండాలి? ఎనిమిదివందల ఇరవైఏడు పెద్దది, తొమ్మిది చిన్నది అనుకున్నారంటే పొరపాటు! చుక్క తరవాత వచ్చేవి దశాంశాలు. .827 కన్న .9 పెద్దది. బళ్ళో దశాంశాలు ఎందుకని అడిగే పిల్లలకు ఇక ముందు గ్రంథాలయం చూపించాలి.

రచయిత పేరుతో మరో చిక్కు. 'శ్రీశ్రీ' పుస్తకం 'శ్రీ' దగ్గర వెతుకుతాం. కాని ఆయన అసలు పేరు శ్రీరంగం శ్రీనివాసరావు. అదృష్టం కొద్దీ రెండూ 'శ్రీ'యే! మరి 'ఆరుద్ర' సంగతేమిటి? ఆయన అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. 'ఆ' దగ్గర పెట్టాలా, 'భా' దగ్గర పెట్టాలా? చదివేవాడు ఏ పేరుతో ఎరుగునో ఆ పేరు దగ్గర పెట్టి, రెండో పేరు దగ్గర 'అక్కడ చూడు' అని ఒక చీటీ ఉంచటం మంచి పద్ధతి. చూశారా, ఎంత మర్యాదో!

చివరకు పుస్తకం లోపల ఒక చిన్న కాగితపు సంచీ అంటించి, అందులో ఆ పుస్తకం పేరున్న చీటీ ఉంచుతారు. మీరు పుస్తకం తీసుకున్నప్పుడు ఆ చీటీ తీసి మీ పేరున్న కార్డులో దోపి, తిరిగి ఇవ్వవలసిన తేదీ వరసలో నిలబెడతారు. పుస్తకం మీ ఇంటికి వెళ్ళి సుఖంగా ఉంటుంది, దాని చీటీ మీ పేరు పట్టుకుని ఇక్కడ కాపలా కాస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల కంప్యూటరూ, గీతల గుర్తులూ వచ్చి ఈ పనే రెప్పపాటులో చేస్తున్నాయి. పద్ధతి మారిందే గాని సూత్రం మారలేదు.

ఇదంతా నేర్చుకుని నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. సరిగా అప్పుడే దెబ్బ తగిలింది.

తిరిగి వచ్చిన పుస్తకాలను అలమరలలో సర్దటం నా పని. గ్రంథపాలకుడు మొదటి రోజునే ఒక మాట చెప్పాడు: "మాస్టారూ, పోయిన పుస్తకాన్ని పోయిందని రాసుకోవచ్చు. తప్పుచోట పెట్టిన పుస్తకాన్ని ఉన్నదనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం."

ఆ ఏడు గ్రామ సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో పరీక్షలు. గ్రంథాలయం కిటకిటలాడుతున్నది. ఆగస్టులో ఒకనాడు ఒక అమ్మాయి వచ్చి, గణాంక శాస్త్రం పుస్తకం అడిగింది. దాని అంకె 519 తో మొదలవుతుంది. రిజిస్టరులో ఉన్నది. చీటీ పుస్తకంలోనే ఉండాలి, ఎవరూ తీసుకుపోలేదు. అలమరలో మాత్రం లేదు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. లేదు. మూడోనాడు కూడా వచ్చింది. ఆమెది దూరపు పల్లె. వచ్చినప్పుడల్లా బస్సుకు డబ్బులు పెట్టుకుని రావాలి. మూడోనాడు ఆమె ఏమీ అనలేదు. చేతిలో ఉన్న నోటుబుక్కు మూసి, "పోనీండి సార్," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంకాలం నేను ఒక్కో అలమరా వరసగా చూస్తూ వచ్చాను. జంతుశాస్త్రం దగ్గర, 591 వరసలో, రెండు జంతువుల పుస్తకాల మధ్య ఆ గణాంక శాస్త్రం నిక్షేపంగా కూచుని ఉన్నది! 519 ని 591 గా చదివి అక్కడ పెట్టినవాణ్ణి నేనే. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కల్లో అంకెలు తారుమారయితే మార్కులు తగ్గించినవాణ్ణి!

గ్రంథపాలకుడు నన్నొక్క మాట అనలేదు. సభ్యత్వపు కాగితంలో ఉన్న నంబరుకు ఫోను చేసి, "అమ్మా, పుస్తకం దొరికింది, నీకోసం తీసి ఉంచాం," అని చెప్పాడు. నాలుగోనాడు ఆ అమ్మాయి వచ్చింది. నేను చేతులు జోడించి, "తప్పు నాదేనమ్మా," అన్నాను. ఆమె కంగారుపడి, "అయ్యో, పెద్దోరు, అలగ అనకండి," అని పుస్తకం తీసుకుని గబగబా మూలబల్ల దగ్గరికి పోయింది. ఆమెకు ఉద్యోగం వచ్చిందో లేదో తరవాత నాకు తెలియలేదు. మూడు రోజుల చదువు మాత్రం నావల్ల పోయింది.

ఆ రాత్రి బస్సులో వస్తూండగా నాకు నిద్ర పట్టలేదు. ఒక్క పుస్తకాన్ని మూడు రోజులు దాచినందుకే ఇంత బాధగా ఉన్నదే, మరి రెండు వందల పుస్తకాలను ఏళ్ళ తరబడి దాచినవాడి సంగతేమిటి?

పిల్లలూ, నేను సిగ్గుపడవలసినది ఉన్నదని చెప్పాను చూడండి, అది ఇదే. ఏ బడి అన్నది అనవసరం. అక్కడ గ్రంథాలయం బీరువా నా గదిలో ఉండేది. దానికి అద్దాల తలుపులు, తలుపులకు తాళం. తనిఖీకి వచ్చినప్పుడు పుస్తకాలు లెక్క చూస్తారు, ఒకటి తగ్గితే నన్ను అడుగుతారు, నా జీతంలో కోస్తారేమోనని నా భయం. అందుచేత తాళం తియ్యకపోతే గొడవే లేదనుకున్నాను. తనిఖీలో ఏనాడూ ఒక్క పుస్తకం తగ్గలేదు. "శభాష్," అన్నారు కూడా!

ఏడో తరగతి చదివే ఒక కుర్రవాడు ఉండేవాడు. వాళ్ళ నాన్న చేపల వేటకు పోయేవాడు. ఈ కుర్రవాడు మధ్యాహ్నం అన్నాల వేళ నా గది ముందు నిలబడి, అద్దంలోంచి పుస్తకాల పేర్లు చదువుకునేవాడు. ఒకనాడు ధైర్యం చేసి, "సార్, ఆ తిమింగలం పుస్తకం ఒక్కసారి ఇస్తారేటి?" అన్నాడు.

నేను వాడి చేతులు చూసి, "ముందు చేతులు కడుక్కునిరా," అన్నాను.

వాడు పంపు దగ్గరికి పరిగెత్తి, మోచేతుల దాకా కడుక్కుని, నీళ్ళోడుతూ వచ్చి నిలబడ్డాడు. ఆలోగా నాకెవరో కాగితాలు తెచ్చారు. "రేపు చూద్దాంలే," అన్నాను. ఆ రేపు రాలేదు. వాడు ఎనిమిదో తరగతితో చదువు మానేసి, మా ప్రాంతపు మత్స్యకారులు చాలామంది వెళ్ళినట్టే గుజరాతులో వేరావలు వెళ్ళి, అక్కడి బోట్లలో పనికి కుదిరాడు.

మర్నాడు ఈ సంగతంతా గ్రంథపాలకుడికి చెప్పాను. చెప్పి తేలికపడదామనుకున్నాను కాబోలు. అతను ఓదార్చలేదు. లేచి వెళ్ళి ఒక రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. చిరిగి పనికిరాకుండా పోయినవీ, తిరిగిరానివీ అయిన పుస్తకాల పట్టీ అది.

"మాస్టారూ, పుస్తకం నలిగిందంటే ఎవరో చదివారన్నమాట," అన్నాడు. "కేంద్ర ప్రభుత్వపు ఆర్థిక నియమాలలో కూడా ఉన్నది. మోసంగాని, అజాగ్రత్తగాని లేకుండా ఉంటే, చదవటానికి ఇచ్చిన వెయ్యి పుస్తకాలకు ఏడాదికి అయిదు పోవటం సబబేనని ఒప్పుకున్నారు. ఏమీ పోకూడదంటే ఏమీ ఇవ్వకూడదు."

ఏమీ పోకూడదంటే ఏమీ ఇవ్వకూడదు! నా ఉద్యోగ జీవితంలో సగం ఆ ఒక్క మాటలో ఉన్నది.

తరవాత అతను ఇంకో ప్రశ్న వేశాడు. "ఈ గ్రంథాలయానికి డబ్బు ఎవరిస్తున్నారంటారు?"

"ప్రభుత్వం," అన్నాను.

"మీరే ఇస్తున్నారు," అన్నాడతను. 1960 లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఇంటి పన్ను అయిదు వందలు కట్టేవాడు గ్రంథాలయానికి నలభై రూపాయలు కడుతున్నాడన్నమాట. ఒక్క అక్షరం రానివాడు కూడా ఇల్లుంటే కడుతున్నాడు. అలాంటప్పుడు వాడి కొడుకు పుస్తకం అడిగితే అది దానం అడగటం కాదు. తన సొత్తు తాను అడగటం!

ఈ ఏర్పాటు ఒక్కనాట వచ్చింది కాదు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్ద దిక్కు ఎస్. ఆర్. రంగనాథన్ గారు. ఆయన కూడా నావలె బోధన చేసినవారే, లెక్కల అధ్యాపకులు. 1924 లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను గ్రంథపాలకుడుగా వేసింది. ఆ నిశ్శబ్దం భరించలేక, మళ్ళీ పాఠాలు చెప్పుకోటానికి పోతానన్నారట! ముందు ఇంగ్లండు వెళ్ళి ఆ పని ఎలా చేస్తారో చూసి రమ్మని పంపారు. అంటే ఆయన కూడా ఒకప్పుడు ఉమేదువారే! అక్కడ ఎన్నో గ్రంథాలయాలు తిరిగి చూశారు. ఒక పెద్ద దుకాణంలో పిల్లలు ఆడుకునే మెకానో బొమ్మ చూశారు. అవే ముక్కలను రకరకాలుగా బిగించి కొత్త కొత్త బొమ్మలు చెయ్యవచ్చు. విజ్ఞానాన్ని కూడా ఇలా ముక్కలుగా బిగించి అంకెలు వెయ్యవచ్చునని ఆయనకు తట్టింది. దాని ఫలితమే 1933 లో వచ్చిన కోలన్ వర్గీకరణ. అంతకుముందే, 1931 లో, గ్రంథాలయాలకు అయిదు సూత్రాలు చెప్పారు. వాటిలో మొదటిదాని భావమేమిటో తెలుసునా? పుస్తకం ఉన్నది వాడుకోటానికి, దాచుకోటానికి కాదని! 1948 లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం రావటానికి కూడా ఆయన కృషే కారణం. అప్పుడు మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది.

చట్టాలు రాకముందే మన తెలుగువాళ్ళు ఊరూరా గ్రంథాలయాలు పెట్టుకున్నారు. 1914 లో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలయినవారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. పాతూరి నాగభూషణంగారు 1935 లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పించారు. పడవలో గ్రంథాలయం! పడవలు తప్ప వేరే తెలియని మా ఊళ్ళో అలాంటి ఊహ నాకెందుకు రాలేదని నొచ్చుకున్నాను.

మా జిల్లాలోనే ఇంకొక ఉదాహరణ ఉన్నది. కాళీపట్నం రామారావు మాస్టారు కథకులుగా సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ఆయనా బడిపంతులే. ఉద్యోగ విరమణ తరవాత తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని సంకల్పించి, 1997 ఫిబ్రవరి 22 న శ్రీకాకుళంలో 'కథానిలయం' ప్రారంభించారు. కథలకోసమే ఒక గ్రంథాలయం! పాత పత్రికలు వెతికి వెతికి తెప్పించి, ఒక్కో కథా పట్టీ వేయించారు. ఆయన 2021 జూన్ 4 న తొంభై ఆరేళ్ళ వయసులో కన్నుమూశారు.

నా రెండు నెలల చదువు ముగిసింది. 2019 నవంబరు 14 న, గ్రంథాలయ వారోత్సవాల మొదటి రోజున, మా వసారాలో గ్రంథాలయం తెరిచాను. బీరువా కొనలేదు. వడ్రంగిచేత తలుపులు లేని అలమరలు చేయించాను. పొట్టి పిల్లల పుస్తకాలు కింది అరల్లో, వాళ్ళ చేతికి అందేచోట. పట్టుకుని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాలుగు నెలలయిందో లేదో కరోనా వచ్చింది. 2020 మార్చిలో అన్నీ మూతపడ్డాయి. అప్పటికి నలభైమూడు పుస్తకాలు పిల్లల ఇళ్ళలో ఉన్నాయి. పాత భయం మళ్ళీ తల ఎత్తింది. ఇక అవి వచ్చినట్టే అనుకున్నాను. తలుపులు తెరిచాక ఒక్కొక్కటే తిరిగివచ్చాయి. కొన్నింటిలో ఇసక, కొన్నింటికి ఎండుచేపల వాసన. నలభైమూడింటిలో నలభైఒకటి వచ్చాయి. బళ్ళు లేని ఆ రోజుల్లో అవి ఇల్లిల్లూ తిరిగాయట! ఒక్క పుస్తకాన్ని తొమ్మండుగురు చదివారని ఒక చిన్నది వేళ్ళు లెక్కపెట్టి చెప్పింది.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను మా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. వసారా పెంకులు లేచిపోయాయి, రెండు అలమరలు తడిసిపోయాయి. తెల్లవారి గాలి తగ్గగానే పిల్లలు వచ్చారు. నేను నేర్చుకున్నది వాళ్ళకు నేర్పాను. మీరూ నేర్చుకోండి: తడిసిన పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు. ఎండలో పెట్టకూడదు, అట్టలు వంకర తిరుగుతాయి. కొంచెం విప్పి, నిలువుగా నిలబెట్టి, గాలి తగలనివ్వాలి. పేజీల మధ్య అక్కడక్కడ తెల్లకాగితం పెట్టి, అది తడవగానే మార్చాలి. కాస్త తడి ఉండగానే పడుకోబెట్టి పైన బరువు పెడితే చదునుగా ఆరుతుంది. రెండు రోజులు ఊరుకుంటే బూజు పడుతుంది. కనక ఆలస్యం పనికిరాదు. కరెంటు లేదు, ఫాను లేదు. పిల్లలు వంతులవారీగా విసనకర్రలతో విసిరారు! నాలుగు పుస్తకాలు పోయాయి. మిగతావి బతికాయి.

ఇక చివరి సంగతి. కిందటేడు సంక్రాంతికి ఒకాయన తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండకు నల్లబడిన మొహం, వలతాళ్ళకు కాయలు కాసిన చేతులు. వేరావలు నుంచి పండక్కి వచ్చాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. నేను గుర్తుపట్టాను. వాడు నా ఏడో తరగతి కుర్రవాడే.

వాడి కూతురు తిన్నగా కింది అర దగ్గరికి పోయి కూచున్నది. నేను సముద్ర జీవుల వరసలోంచి తిమింగలం బొమ్మ ఉన్న పుస్తకం తీసి వాడికి అందించాను. అది ఆ పాత పుస్తకం కాదు. కొత్తగా తెప్పించినది. నేను గ్రంథాలయం తెరిచినప్పుడు మొట్టమొదట తెప్పించినది అదే.

వాడు చెయ్యి చాపబోయి వెనక్కు తీసుకున్నాడు. "ఉండండి సార్, చేతులు కడుక్కుని వస్తాను," అన్నాడు.

నాకు మాట రాలేదు. "అక్కర్లేదు నాయనా, అక్కర్లేదు," అని పుస్తకం వాడి చేతుల్లో పెట్టాను. వాడు అక్కడే మెట్టుమీద కూచుని, కూతుర్ని పక్కకు పిలిచి, బొమ్మలు చూపిస్తూ సముద్రంలో తాను చూసినవన్నీ చెప్పటం మొదలుపెట్టాడు. ఆ పుస్తకంలో లేని సంగతులెన్నో వాడికి తెలుసు!

పిల్లలూ, మీ ఊళ్ళో గ్రంథాలయం ఉంటే వెళ్ళి చేరండి. అది మీ అమ్మానాన్నలు కట్టిన పైసలతో నడుస్తున్నది. తీసిన పుస్తకాన్ని మీకు చోటు తెలియకపోతే మీరే అలమరలో దూర్చకండి, బల్ల మీద ఉంచండి. 519, 591 కథ జ్ఞాపకముంచుకోండి. మీ బడి బీరువాకు తాళం వేసి ఉంటే, మీ మాస్టారిని మర్యాదగా అడగండి. ఆయన రేపు చూద్దామంటే రేపు మళ్ళీ అడగండి.

తల్లిదండ్రులకూ, నా తోటి ఉపాధ్యాయులకూ ఒక్క మనవి. పుస్తకాలు పోతాయని భయపడకండి. తాళం వేసిన బీరువాలోంచి కూడా పోయేది ఒకటున్నది. అది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు, ఏ తనిఖీలోనూ బయటపడదు. అద్దం ముందు నిలబడిన పిల్లవాడు!